రాత్రి రెండు గంటలకు మా వారు చూసే అమెరికా

ప్రశ్న: అమ్మా, మాది తిరుపతి. మా వారు ప్రభుత్వోద్యోగం చేసి ఐదేళ్ళ కిందట రిటైరయ్యారు. పాకాల దగ్గర మూడెకరాల తోతాపురి తోట ఉంది, గుత్తకు ఇచ్చాము. మా అబ్బాయీ కోడలూ డల్లాస్‌లో ఉంటారు. అబ్బాయిది హెచ్-1బి వీసా, అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే తాత్కాలిక వీసా. నిరుడు ఏప్రిల్‌లో వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఐదున్నర నెలలు ఉండి, సెప్టెంబరు మూడో వారంలో తిరిగి వచ్చాము. అక్కడ ఉన్నన్నాళ్ళూ మా వారు అమెరికా వార్త ఒక్కటి చూసిన పాపాన పోలేదు. పొద్దస్తమానం మన రాష్ట్ర రాజకీయాలు, మామిడికాయల ధరలే చూసేవారు. ఇంటికి వచ్చిన మూడో రాత్రి నుంచి వరస తిరగబడింది. రాత్రి రెండు గంటలకు లేచి ఫోనులో అమెరికా రాజకీయాలు పెట్టుకుంటారు. ఎవరెవరి పోస్టుల కిందనో కామెంట్లు రాసి అబ్బాయి పేరు కూడా తగిలిస్తారు. ఆదివారం ఫోను కలిస్తే ‘ఆ కోర్టు ఏమంది, ఈ బిల్లు ఏమైంది’ అని వాణ్ణే అడుగుతారు. వాడు ‘చూద్దాం నాన్నా’ అని ఊరుకుంటాడు. సంక్రాంతి నాడు మాట పెరిగి, ‘నీకంటే నాకే ఎక్కువ తెలుసు, పెట్టె సర్దుకుని వచ్చెయ్యి’ అనేశారు. వాడు ఫోను పెట్టేశాడు. అప్పటి నుంచి కోడలే మాట్లాడుతోంది. డిసెంబరులో మనవడికి కొండ మీద తలనీలాలు ఇవ్వాలనుకున్నాము. పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకునే స్టాంపింగ్ తేదీ వాయిదా పడిందని వాళ్ళు టికెట్లు రద్దు చేసుకున్నారు. అది వట్టి సాకు అంటారు మా వారు. వైఫై తీయించెయ్యమని మా చెల్లెలు చెబుతోంది. తీయించమంటారా? మేము మళ్ళీ అక్కడికి వెళ్ళవచ్చునా?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు:

అమ్మా,

వైఫై సంగతి ముందు చెప్పేస్తాను. తీయించవద్దు. పిల్లవాడి చేతిలోంచి ఫోను లాక్కుంటే కాసేపు ఏడ్చి మరిచిపోతాడు. అరవై దాటిన మనిషి మరిచిపోడు, పైగా ఇంట్లో తనకు మాట చెల్లడం లేదని ఇంకో బాధ తోడు చేసుకుంటాడు. మీ చెల్లెలు మీ నిద్ర కోసం చెప్పిన మాట అది. మీ నిద్ర నిజమైన సమస్యే. దానికి ఆయన పక్కను ముందు గదిలోకి మార్చండి, చాలు.

మీ ఉత్తరంలో ఫిర్యాదుల నడుమ ఒక మాట రాసి దాటిపోయారు. డల్లాస్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయన అమెరికా వార్త ఒక్కటీ చూడలేదనీ, మన ఊరి సంగతులే చూశారనీ అన్నారు. అక్కడ ఆగి ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను. అమెరికాలో కూర్చుని పాకాలను చూసిన మనిషి తిరుపతిలో కూర్చుని అమెరికాను చూస్తున్నారంటే, ఆయనకు పట్టుకున్నది అమెరికా రాజకీయాల పిచ్చి కాదు. తాను లేని చోటు మీద బెంగ అది. కొడుకు ఎదుట తిరుగుతున్నప్పుడు కొడుకు గురించి దిగులు లేదు, తోట గురించి ఉంది. తోట దగ్గరికి వచ్చేసరికి కొడుకు దూరమయ్యాడు. మనసు ఎప్పుడూ చెయ్యి అందని వైపుకే పోతుంది. పూర్వం ఉత్తరం కోసం పోస్టుమాన్ దారి చూసేవాళ్ళం, ఇప్పుడు ఫోను తెర చూస్తున్నాం.

నిరుడు జూన్, జూలై నెలల్లో తోతాపురి రైతుకు ఎంత గడ్డుగా గడిచిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అంతకు ముందు ఏటి గుజ్జు నిల్వలే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు కొనడానికి వెనకాడాయి, కాయల ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలనీ, దానికి ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందనీ ప్రకటన వచ్చింది. ఆ రోజుల్లో మీ వారు డల్లాస్‌లో వీడియోల మీద వీడియోలు చూసి ఉంటారు. చివరికి అసలు సంగతి ఎవరు చెప్పారు? తోట గుత్తకు తీసుకున్న మనిషి ఫోను చేసి, మన కాయలు ఏ రోజు తూకం వేశారో, ఏ ధర పలికిందో, డబ్బు ఎప్పటికి చేతికి వచ్చేటట్టుందో చెప్పి ఉంటాడు. 12 రూపాయలన్న ప్రకటనకూ జేబులో పడిన రూపాయికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మామిడి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. వాషింగ్టన్ నుంచి వచ్చే ప్రకటనలకూ సరిగ్గా అదే దూరం ఉంటుందని ఆయనకు ఇంతవరకు తట్టలేదు. మీరు మొదలుపెట్టవలసినది అక్కడే. ‘చూడవద్దు’ అనకండి. ‘అది తూకం వేసిన ధరా, చాటింపు వేసిన ధరా?’ అని అడగండి. ఆయన భాషలో ఆయనకు అర్థమవుతుంది.

ఇంటికి వచ్చిన మూడో రాత్రి నుంచి అని రాశారు కదా, ఆ మూడు రాత్రుల లెక్క కాస్త చూద్దాం. చెన్నైలో దిగి, తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా కారులో ఇల్లు చేరారనుకుందాం. ఐదున్నర నెలలు తాళం వేసి ఉంచిన ఇల్లు. తొట్టిలో నీళ్ళు మార్చి, దుమ్ము దులిపి, పాలవాడికి కబురు చేసి పడుకున్నారు. ఒంట్లో మాత్రం ఇంకా డల్లాస్ గడియారమే నడుస్తోంది. సెప్టెంబరులో ఇక్కడ రాత్రి రెండు గంటలంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర, మనవణ్ణి ఊయల దగ్గరికి తీసుకుపోయే వేళ. ఆయనకు మెలకువ వచ్చి ఉంటుంది, పక్కన మనవడు లేడు, ఫోను ఉంది. అదే సమయంలో, 2025 సెప్టెంబరు 19 శుక్రవారం నాడు, కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు, కట్టాలన్న ప్రకటన మీద అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశారు. మన గడియారంలో అది శనివారం అర్ధరాత్రి దాటిన తర్వాతి మాట. ఆ సొమ్ము ఏటా కట్టవలసి ఉంటుందని అక్కడి వాణిజ్య మంత్రి హోవార్డ్ లట్నిక్ ఆ సందర్భంలోనే అన్నారు. ఆదివారంలోగా వెనక్కి రమ్మని పెద్ద పెద్ద కంపెనీలు బయటి దేశాల్లో ఉన్న తమ ఉద్యోగులకు మెయిళ్ళు పంపాయి. ఎక్కిన విమానం కదలకముందే దిగిపోయినవారు కూడా ఉన్నారు. మరునాడు వైట్‌హౌస్ వివరణ ఇచ్చింది: అది ఏటేటా కాదు, ఒక్కసారి కట్టేది, కొత్త దరఖాస్తులకే తప్ప, ఇప్పటికే వీసా ఉన్నవారికీ పొడిగింపులకూ వర్తించదు.

మీ అబ్బాయి ఆ వర్తించనివారిలో ఒకడు. అయితే మొదటి కబురు నిద్రలేని రాత్రి చెవిన పడింది, దిద్దుబాటు అంత గట్టిగా పడలేదు. భయపెట్టే వీడియోకు వచ్చినంత పెద్ద అక్షరాల శీర్షిక ‘కంగారు పడనక్కరలేదు’ అనే వీడియోకు ఎవరూ పెట్టరు. అందుకే చూసే వేళ మార్చుకోమని ఆయనకు చెప్పండి. వాషింగ్టన్‌లో సాయంత్రం ఐదైతే మనకు కాలాన్ని బట్టి తెల్లవారుజామున రెండున్నరో మూడున్నరో అవుతుంది. రెండు గంటలకు చూసే వార్త పొయ్యి మీద ఇంకా ఉడుకుతున్న అన్నం. ఆరు గంటలకు కాఫీతో పాటు చూసేది గంజి వార్చిన అన్నం. అదే వార్త, అదే ఫోను, మధ్యలో నాలుగు గంటల నిద్ర మిగులుతుంది.

చూసేది ఎలా తూచుకోవాలో కూడా ఒక మాట. అధ్యక్షుడు మైకు ముందు అన్న మాట వేరు, సంతకం చేసిన ఉత్తర్వు వేరు, కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చేసిన చట్టం వేరు, ఈ మూడింటి మీదా కోర్టు చెప్పేది వేరు. 2025 జనవరి 20న, ప్రమాణం చేసిన రోజునే, తల్లి అనుమతి లేకుండానో తాత్కాలిక వీసా మీదో ఉండి, తండ్రికి పౌరసత్వం గాని శాశ్వత నివాస అనుమతి (గ్రీన్‌కార్డు) గాని లేకపోతే, అక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాకుండా ఒక ఉత్తర్వు మీద ఆయన సంతకం చేశారు. ఆ హక్కు 1868 నాటి రాజ్యాంగ సవరణ నుంచి వచ్చింది గనుక కోర్టులు ఉత్తర్వును అమలు కానివ్వకుండా నిలిపివేశాయి. మీ మనవడు ఆ ఉత్తర్వుకు ముందే పుట్టాడు, అది వెనకటి పుట్టుకలకు వర్తించేదే కాదు. అయినా దాని పేరు చెప్పి మీ వారు ఎన్ని రాత్రులు మేలుకున్నారో ఆయనకే తెలియాలి.

మీ అబ్బాయి బతుకును నిజంగా పట్టి ఉంచినది రోజువారీ వార్తలో కనబడదు. అది 1990లో చేసిన చట్టం. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు 1,40,000 అనీ, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతానికి మించి ఇవ్వరాదనీ లెక్క కట్టినది ఆ చట్టమే. దాని మీద సంతకం చేసినది పెద్ద బుష్. తర్వాత క్లింటన్ వచ్చారు, చిన్న బుష్ వచ్చారు, ఒబామా, ట్రంప్, బైడెన్, మళ్ళీ ట్రంప్ వచ్చారు. ఆ లెక్క మాత్రం అలాగే ఉంది. మన దేశం నుంచి వెళ్ళిన పిల్లల వరుస ఏళ్ళ తరబడి కదలకపోవడానికి కారణం అది. దానిని మార్చగలిగేది కాంగ్రెస్ ఒక్కటే. కాబట్టి అమెరికా రాజకీయం చూడక తప్పదనుకుంటే, 2026 నవంబరు 3న ప్రతినిధుల సభ 435 స్థానాలకూ, సెనేట్‌లో మూడోవంతు స్థానాలకూ జరిగే ఎన్నికలను ఆయన శ్రద్ధగా చూడవచ్చు. అందులో కొంచెం చదువు ఉంది, రోజూ గుండె దడ మాత్రం లేదు. ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ వాళ్ళ పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని తెలిసినప్పటి నుంచి ‘మన అమ్మాయి ఉంది, మనవాళ్ళకు ఏమీ కానివ్వదు’ అని ధైర్యపడేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. ముచ్చట ముచ్చటే, ధైర్యానికి ఆధారం కాదు.

స్టాంపింగ్ విషయంలో మాత్రం మీ వారిది పొరపాటు. దీనిని నేను మెత్తగా చెప్పదలచుకోలేదు, ఎందుకంటే తండ్రీకొడుకుల మధ్య ముల్లు ఇదే. పాస్‌పోర్టులో అతికించే వీసా దేశంలోకి అడుగు పెట్టడానికి మాత్రమే. లోపల ఎంతకాలం ఉండవచ్చుననేది దేశంలోకి వచ్చినప్పుడు నమోదు చేసే ఐ-94 అనే రికార్డు మీద, ఉద్యోగానికి వచ్చిన అనుమతి పత్రం మీద ఆధారపడి ఉంటుంది. వీసా గడువు తీరిపోయినా అబ్బాయి అక్కడ సక్రమంగా ఉద్యోగం చేసుకోవచ్చు. మన దేశానికి వస్తే మాత్రం కొత్త స్టాంపు పడేదాకా తిరిగి లోపలికి పోలేడు. ఇదివరకు పాతది పునరుద్ధరించుకునేవారిలో చాలామంది ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు డ్రాప్‌బాక్స్‌లో వేసి పని ముగించుకునేవారు. 2025 సెప్టెంబరు 2 నుంచి దాదాపు అందరూ ఇంటర్వ్యూకు స్వయంగా హాజరు కావాలన్నారు. అదే నెలలో, సొంత దేశంలోనో నివాసమున్న దేశంలోనో తప్ప వేరే చోట దరఖాస్తు పెట్టుకోరాదన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వారి, వారి మీద ఆధారపడినవారి సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలిస్తామన్నారు. దానితో మన దేశంలోని కాన్సులేట్లలో డిసెంబరుకు ఇచ్చిన తేదీలు ఎన్నో నెలల తరబడి వాయిదా పడ్డాయి. అప్పటికే సెలవు పెట్టి వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు. ఉద్యోగం అక్కడ, ఇంటి అద్దె అక్కడ, మనిషి అత్తగారింట్లో. మీ అబ్బాయి అదే డిసెంబరులో బిడ్డను ఎత్తుకుని వచ్చి ఉంటే, తలనీలాలు మొదటి రోజే ఇచ్చేవాళ్ళు, తర్వాత ఎన్ని నెలలు ఇక్కడ కాచుకోవలసి వచ్చేదో ఎవరూ చెప్పలేకపోయేవారు. టికెట్లు రద్దు చేసుకోవడం భార్యాబిడ్డలున్న మనిషి చేయవలసిన పనే. మీ వారు ఇన్ని వార్తలు చూసి ఈ ఒక్కటి నమ్మకపోవడం వింతగా ఉంది. వీసాల గురించి భయపెట్టేవన్నీ నమ్మారు, వీసా కారణంగా కొడుకు రాలేడన్నది మాత్రం సాకు అంటున్నారు. ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో తల్లిగా మీకు తెలుసు. కొండ మీద కల్యాణకట్టలో మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలని ఆయన ఎన్ని నెలలుగా అనుకుంటున్నారో!

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మాది పీలేరు దగ్గర పల్లె. మా అన్న కువైట్‌లో డ్రైవరుగా ఉండగా, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఆ దేశంలోకి దిగింది. మా నాన్న పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రేడియో వార్తల వేళకు అరుగు మీద కూర్చునేవాడు. వార్తలు అయిపోగానే రేడియోకు గుడ్డ కప్పి చేనికి పోయేవాడు. మళ్ళీ వార్తల వేళ దాకా వినడానికి ఏమీ ఉండేది కాదు గనుక. అప్పుడు మనవాళ్ళను ఎయిరిండియా విమానాల్లో, 59 రోజుల పాటు, 488 సర్వీసులతో, లక్ష మందికి పైగా తీసుకువచ్చారు. మా అన్న బస్రా, బాగ్దాద్‌ల మీదుగా అమ్మాన్ చేరి, అక్కడి నుంచి బొంబాయికి వచ్చి, రైలెక్కి రేణిగుంటలో దిగాడు. చేతిలో ఒక రెక్సిన్ సంచి, కాళ్ళకు ఎవరివో పెద్ద సైజు చెప్పులు. ఆ రాత్రి మా నాన్న భద్రతామండలి గురించి, ఆంక్షల గురించి, అమెరికా నౌకల గురించి తాను విన్నవన్నీ చెప్పి, ‘అవునా? అవునా?’ అని అడుగుతూ పోయాడు. మా అన్నకు వాటిలో సగం కూడా తెలియదు. శిబిరంలో నీళ్ళ ట్యాంకరు ఏ వేళకు వచ్చేదో, మనిషికి ఎన్ని రొట్టెలు ఇచ్చేవారో, మలయాళీ మిత్రుడు ఒకడు తన దుప్పటి ఎలా పంచుకున్నాడో మాత్రం చెప్పాడు. మా నాన్న కాసేపు విని, ఇక రాజకీయం అడగడం మానేశాడు. లోపల ఉన్నవాడికి వార్త తక్కువగా, బతుకు ఎక్కువగా తెలుస్తుందని నాకు అర్థమైన రాత్రి అది.

మీ అబ్బాయి ‘చూద్దాం నాన్నా’ అనడాన్ని ఆ వెలుగులో చూడండి. అతడు అక్కడ పన్ను కడతాడు, ఓటు లేదు. ఆఫీసులో రాజకీయం ఎత్తడానికి వెనకాడతాడు. వారమంతా ఆ దిగులును అరలో పెట్టి తాళం వేసుకుని బతికినవాడికి, ఆదివారం తండ్రి ఫోను చేసి ఆ తాళమే తీయమంటున్నాడు. అతడి తప్పు కూడా లేకపోలేదు. తండ్రికి ఏమీ చెప్పకుండా ఉంటే కంగారు పడరనుకోవడం చదువుకున్న పిల్లలందరూ చేసే పొరపాటు. చెప్పని చోట తల్లిదండ్రులు ఊహించుకుంటారు, ఊహకు హద్దు ఉండదు. కోడలితో చెప్పి అతడి చేత ఒక కాగితం రాయించండి: అనుమతి పత్రం ఏ తేదీ దాకా ఉంది, పొడిగింపు ఎప్పుడు పెడతారు, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఏ దశలో ఉంది, ఉద్యోగం పోతే ఏమి చేయాలనుకుంటున్నాడు. హెచ్-1బి మామూలుగా మూడేళ్ళ చొప్పున ఆరేళ్ళు. గ్రీన్‌కార్డు తొలి దరఖాస్తు మంజూరై వరుసలో ఉన్నవారికి ఆ పైన కూడా పొడిగిస్తారు. ఆ నాలుగు సంగతులూ ఆయన గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకోనివ్వండి. గుత్తదారు ఫోను లాంటిది ఆ కాగితం. దేశమంతటి ధర దానికి తెలియదు, మన కాయల ధర మాత్రం తెలుస్తుంది.

కామెంట్ల సంగతి మాత్రం ఈ వారమే తేల్చండి. ఎదురుగా కూర్చోబెట్టి, పైన చెప్పిన డిసెంబరు 15 నిబంధన వివరించి, అబ్బాయి పేరు తగిలించిన ప్రతి పోస్టునూ ఆయన చేతనే తీయించండి. తండ్రి రాసినదానికి కొడుకును శిక్షిస్తారని నేను అనడం లేదు. తన స్టాంపింగ్ ఎదురుగా పెట్టుకున్న పిల్లవాడి ఖాతాలో, వాడు రాయని మాటలు వాడి పేరు కింద వేలాడవలసిన అవసరం లేదు, అంతే. సందర్శక వీసా దరఖాస్తులో కూడా 2019 నుంచి సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. అంటే సంగతి ఆయనదాకా కూడా వస్తుంది. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉన్నా తప్పు లేదు.

‘పెట్టె సర్దుకుని వచ్చెయ్యి’ అన్న మాటను ఆయన ఏ అర్థంతో అన్నారో నాకు తెలుసు, మీకూ తెలుసు. అవతలి చెవికి మాత్రం అది ‘నువ్వు అక్కడ చేసినదంతా వృథా’ అని వినబడింది. పన్నెండేళ్ళో పదేళ్ళో కష్టపడి నిలదొక్కుకున్నవాడికి అంతకన్నా చేదు మాట లేదు. ఆయన క్షమాపణ అడగనక్కరలేదు. మన ఇళ్ళలో తండ్రులు ఆ మాట నోటితో అనరు, కొడుకులూ ఆశించరు. వచ్చే ఆదివారం తానే ఫోను చేసి, మేడ మీది గదికి సున్నం కొట్టించాననో, పాకాల తోటలో పూత ఎలా ఉందో చెప్పమనండి. రావాలనుకుంటే ఇల్లు ఉందన్న సంగతి సున్నం మాటలోనే ఉంటుంది. ఫోను మొదటి పది నిమిషాలు మనవడికి వదిలెయ్యమనండి. వాడు ఏ బొమ్మ చూపిస్తే అది చూడాలి, అంతే. అమెరికా గురించి ఏమైనా అడగాలనిపిస్తే, ఇంటి పక్కన కొత్తగా వచ్చినవారెవరు, అక్కడ చలి ఎలా ఉంది, మీ వారు వెళ్ళినప్పుడు నాటి వచ్చిన కరివేపాకు మొక్క బతికిందా అని అడగవచ్చు. కరివేపాకు మొక్క నా ఊహ అనుకోండి. డల్లాస్ వెళ్ళి మొక్క నాటకుండా తిరిగి వచ్చిన చిత్తూరు సీమ మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఆయన పోగేసిన పరిజ్ఞానం వృథా పోనక్కరలేదు. తిరుపతిలో కొడుకునో కూతురినో అమెరికా పంపిన ఇళ్ళు వీధికి రెండైనా ఉంటాయి. పొద్దున నడకలో అదే బెంగ ఉన్న తండ్రులు నలుగురు దొరుకుతారు. అధ్యక్ష ఎన్నికలో టెక్సాస్ రాష్ట్రానికి 40 ఎలక్టోరల్ ఓట్లు ఎందుకో, సెనేటరుకు ఆరేళ్ళు ఎందుకో వాళ్ళకు చెప్పమనండి. అక్కడ ఎంత గట్టిగా వాదించుకున్నా ఎవరి కొడుకూ ఫోను పెట్టెయ్యడు.

మళ్ళీ వెళ్ళడం గురించి అడిగారు. వెళ్ళవచ్చు, తొందరపడవద్దు. వీసా పదేళ్ళదైనా, ఒక్కొక్కసారి ఎంతకాలం ఉండాలో విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు, సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. రెండు ప్రయాణాల మధ్య ఇన్ని నెలలు ఆగాలన్న లెక్క చట్టంలో లేకపోయినా, ఉన్నదానికన్నా ఎక్కువ కాలం ఇంట్లో గడిపి వెళ్ళినవారిని సాధారణంగా అంతగా అనుమానించరు. ఆరోగ్య బీమా లేకుండా మాత్రం విమానం ఎక్కవద్దు. ఈసారి వెళ్ళేది మామిడి కాపు అయ్యాక పెట్టుకోండి, లేదంటే ఆయన మళ్ళీ డల్లాస్‌లో కూర్చుని పాకాలనే చూస్తారు.

ఇక తలనీలాలు. మీ మనవడి జుట్టు కళ్ళలో పడుతోందని, పిలక వేసి రబ్బరు బ్యాండు పెడుతున్నారని, పార్కులో అందరూ ఆడపిల్ల అనుకుంటున్నారని మీ కోడలు వాపోతూ ఉంటుందేమో. అలా ఎన్నో ఇళ్ళలో విన్నాను. మూడో ఏడు దాటితే ఐదో ఏట ఇవ్వడం మన ఇళ్ళలో ఉన్నదే. మొక్కు వేళకు తీర్చుకోలేనప్పుడు ముడుపు కట్టడం మీకు నేను చెప్పవలసినది కాదు. ఒక శనివారం పొద్దున, అక్కడ ఇంకా శుక్రవారం సాయంత్రం ఉండగా వీడియో కాల్ పెట్టండి. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ మీ వారి చేతనే కట్టించి, ‘ఫలానా ఏడు, వీడి అమ్మానాన్నలకు కాగితాలు కుదిరినప్పుడు, కొండకు తీసుకువస్తాం స్వామీ’ అని మనవడి పేరు చెప్పి చెప్పించండి. మీ అబ్బాయి తెరకు అవతల కూర్చుంటే కూర్చుంటాడు, లేకపోతే పక్క గదిలో నుంచి వింటాడు. ఆ మాటలో స్టాంపింగ్ సాకు కాదని తండ్రి ఒప్పుకున్నట్టు అతడికి తెలుస్తుంది. ముడుపు దేవుడి గూట్లో పెట్టాక కొత్త తేదీ ఎప్పుడు వచ్చిందని ఒక్కసారి అడగండి. చెబితే క్యాలెండరులో ఆ నాలుగింటి తర్వాత ఐదో సంగతిగా రాసుకోండి. ఇంకా రాలేదంటే, వచ్చినప్పుడు చెప్పమని చెప్పి, ఆ రోజుకు ఫోను మనవడి చేతికే ఇచ్చెయ్యండి.